లెక్క తేలేదాకా

రైతు మీద డాక్యుమెంటరీ తీస్తామని వచ్చే విద్యార్థులను నేను మొదట అడిగేది ఒక్కటే. ఏ నెలలో మొదలుపెడతారు, ఏ నెలలో ముగిస్తారు? కెమెరా సంగతి అడగను. ఇవాళ ఊళ్లో దాదాపు ప్రతి ఇంట్లో ఒక ఫోనుంది, అందులో పనికొచ్చే కెమెరానే ఉంది. కథేమిటనీ అడగను. అది ముందే తెలిసిపోతే ఇక తీయడం దేనికి? నెలలు మాత్రం అడుగుతాను. మా దగ్గర అప్పు మిరుగం (మృగశిర కార్తె) నాడు పుడుతుంది, ఎండాకాలంలో కాంటా మీద తేలుతుంది. నడుమ ఏ ఒక్క రోజు పోయి కెమెరా పెట్టినా దొరికేది ముక్కే. ఆ ముక్కను చూసి ఏడవొచ్చు, కోపం తెచ్చుకోవచ్చు. అసలేం జరిగిందో తెలుసుకోవడం మాత్రం కుదరదు.

కాలేజీ ఉత్సవాల్లో, పోటీల్లో విద్యార్థుల చిత్రాలు చాలా చూశాను. రైతు అనగానే నెర్రెలు వారిన నేల, వెనక వేణువు, తలపట్టుకుని కూర్చున్న ముసలాయన, దండ వేసిన ఫొటో, కొంగుతో కళ్లొత్తుకునే తల్లి. చివర తెర నల్లబడి ఒక సంఖ్య. వీటిని తీసిన పిల్లల మనసు మంచిది, వాళ్లలో ఎక్కువమంది రైతు బిడ్డలే. అయినా ఏ జిల్లాలో తీసినా, ఏ పంట మీద తీసినా అవన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఆ నెర్రెల నేల సంగతే చూడండి. 1997–98లో వరంగల్ జిల్లా పత్తి రైతులు వరుసగా ప్రాణాలు తీసుకున్నారు. వాళ్లను ముంచింది ప్రధానంగా పురుగు. లద్దె పురుగు, శనగపచ్చ పురుగు చేల మీద పడ్డాయి. ఎన్నిసార్లు మందు కొట్టినా చావలేదు. మందు ఉద్దెరకు ఇచ్చింది దుకాణదారే, ఏ మందు కొట్టాలో చెప్పిందీ ఆయనే, వడ్డీ వేసిందీ ఆయనే, చాలాచోట్ల చివరికి పత్తి తూకం వేసుకున్నదీ ఆయనే. ఈ చుట్టు నెర్రెల నేలలో కనపడదు. నడుమెత్తు పెరిగిన పచ్చటి చేనును తీస్తేనే కనపడుతుంది. మనిషి ఆ ఏడు మునిగింది పచ్చటి చేనులోనే.

మా నెక్కొండ, వరంగల్, మహబూబాబాద్‌ల నడుమ రైలు పట్టాల వెంబడి ఉన్న మండల కేంద్రం. నిజాం కాలంలో సికింద్రాబాదు నుంచి వరంగల్ మీదుగా 1889 నాటికి బెజవాడ చేరిన లైను ఇదే. చుట్టూ పల్లెలు, తండాలు. పత్తి, మిర్చి, మక్క, చెరువుల కింద, బోర్ల కింద వరి. పొద్దుటి రైలుకు వరంగల్ కాలేజీలకు పోయే పిల్లలు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంటారు. వాళ్లతో నేను చెప్పేది, సామాజిక సమస్యను వెతుక్కుంటూ ఎక్కడికీ పోనవసరం లేదని. స్టేషన్ నుంచి మార్కెట్ దాకా నడిస్తే చాలు. విత్తనాల దుకాణం, దాని పక్కనే పురుగుమందుల దుకాణం, బంగారం కుదువపెట్టుకుని డబ్బిచ్చే ఆఫీసు, మీసేవ, బ్యాంకు ముందు పాసుబుక్కులు చేతపట్టుకున్న వరుస. వీటిలో ఏ గుమ్మం ముందైనా ఒక ఏడాది నిలబడితే తెలంగాణ వ్యవసాయం ఎలా నడుస్తుందో తెలుస్తుంది.

ఏడాది అంటే పిల్లలు ఉలిక్కిపడతారు. వాళ్లకు ప్రాజెక్టు కింద ఇచ్చే గడువు నెలో, నెలన్నరో. సెమిస్టరు క్యాలెండరు ఒకటి, చేను క్యాలెండరు ఇంకొకటి. పత్తి గింజ తొలకరికి పడుతుంది, ఏరుడు దసరా నుంచి సంక్రాంతి దాటేదాకా సాగుతుంది. మిర్చి నారు ఆషాఢ శ్రావణాల్లో పోస్తారు, భాద్రపదం నాటికి నాట్లు, తోట కాపుకొచ్చి కాయ ఎర్రబడేసరికి జనవరి. ఏరి, కల్లంలో ఎండబోసి, తాలు వేరుచేసి, బస్తాలు కుట్టి మార్కెట్‌కు పంపేసరికి మార్చి, ఏప్రిల్. సరిగ్గా అప్పుడే పరీక్షలు. అందుకే విద్యార్థి చిత్రాల్లో విత్తనం ఉంటుంది, లేదంటే శోకం ఉంటుంది, నడుమ నడిచిన సంసారం ఉండదు. విశ్వవిద్యాలయాలు ఈ ఒక్క ప్రాజెక్టుకైనా జూన్ నుంచి ఏప్రిల్ దాకా గడువు ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. పది చిన్న చిత్రాలకిచ్చే మార్కులు ఈ ఒక్కదానికే ఇచ్చినా నష్టం లేదు.

ఇది జరిగే పనేనా అని అడిగేవాళ్లకు నేను చూపించే ఉదాహరణ మా వరంగల్ జిల్లాదే. తీసినవాళ్లు మాత్రం వరంగల్ వాళ్లు కారు, కాలేజీ మెట్లెక్కిన వాళ్లూ కారు. జహీరాబాద్ ప్రాంతంలోని పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు. ఎక్కువమంది దళితులు, కూలికి పోయినవాళ్లు, మెట్ట చెలకల్లో జొన్న, కొర్ర, కంది పండించుకునేవాళ్లు, అక్షరం రానివాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. ఆ సంస్థను నడిపిన పి.వి. సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో నిర్మాతగా పనిచేసిన మనిషి. 2023 మార్చిలో కన్నుమూశారు. ఆయన ప్రోద్బలంతో ఈ మహిళలు వీడియో కెమెరా పట్టడం నేర్చుకుని కమ్యూనిటీ మీడియా ట్రస్ట్‌గా ఏర్పడ్డారు. తర్వాత 2008లో మాచ్‌నూరులో సంఘం రేడియో మొదలైందీ ఆ సంఘాల చేతుల మీదుగానే.

2002 మార్చిలో బీటీ పత్తికి దేశంలో అనుమతి వచ్చింది. ఆ వానాకాలంలోనే వరంగల్ జిల్లాలో కొందరు రైతులు ఆ విత్తనం వేశారు. 450 గ్రాముల సంచి 1,600 రూపాయలు, మామూలు హైబ్రిడ్ విత్తనానికి మూడు రెట్లు పైనే. నాలుగైదేళ్ల కిందటి చావులు ఇంకా మనసుల్లో పచ్చిగా ఉన్న జిల్లా ఇది. పురుగు పట్టని పత్తి అనే మాట ఇక్కడ ఎంత ఆశ రేపి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. రెండొందల కిలోమీటర్ల పైచిలుకు దూరం నుంచి ఆ మహిళలు కెమెరా మోసుకుని వచ్చారు. కొద్దిమంది చిన్న రైతులను ఎంచుకున్నారు. మొక్క మొలిచినప్పుడు వచ్చారు, పూత మీదున్నప్పుడు వచ్చారు, కాయ పట్టినప్పుడు వచ్చారు, ఏరుతున్నప్పుడు వచ్చారు. సీజన్ మొదట్లో ఆ రైతులు విత్తనం గురించి ఆశగా మాట్లాడటం కెమెరాలో ఉంది. సీజన్ చివర అదే రైతులు కోపంగా మాట్లాడటమూ ఉంది. వరంగల్ రైతులకు బీటీ పత్తి మీద ఎందుకంత కోపమో అడుగుతున్నట్టుండే పేరుతో 2003లో వచ్చిన ఆ చిత్రాన్ని చాలా దేశాల్లో చూశారు.

దాని బలమంతా ఆ తిరిగి తిరిగి రావడంలోనే ఉందని నా నమ్మకం. ఎండాకాలంలో ఒక్కసారి వచ్చి అడిగితే ఏ రైతైనా నష్టమొచ్చిందని చెబుతాడు, అది వినేవాడు నమ్మొచ్చు, నమ్మకపోవచ్చు. అదే మనిషి జూలైలో ఏమన్నాడో, మార్చిలో ఏమన్నాడో పక్కపక్కన ఉన్నప్పుడు అనుమానానికి చోటుండదు. ఆ చిత్రంతో పాటే వ్యవసాయ శాఖలో పనిచేసి వచ్చిన శాస్త్రవేత్త అబ్దుల్ ఖయ్యూం, కిరణ్ సక్కరి కలిసి జిల్లాలో రైతుల ఖర్చు, దిగుబడి లెక్కలు రాశారు. ఆ ఏడు బీటీ వేసినవాళ్లకు వేయనివాళ్లకన్నా తక్కువే మిగిలిందని వాళ్ల అధ్యయనం తేల్చింది. దాన్ని కాదన్నవాళ్లూ ఉన్నారు, వేరే లెక్కలు చూపినవాళ్లూ ఉన్నారు. 2005లో ఆ మొదటి మూడు బీటీ రకాలకు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించలేదు. ఆ మరుసటి ఏడు రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్ దాకా పోయి విత్తనం ధర సగానికిపైగా తగ్గించింది. తర్వాత కొత్త బీటీ రకాలు వచ్చి దాదాపు పత్తి అంతా అదే అయింది. ఇంకొన్నేళ్లకు గులాబీ రంగు పురుగు దానికీ లొంగకుండా పోయింది. చరిత్ర ఒకవైపే నడవలేదు. కానీ మొదటి సీజన్లో వరంగల్ చేలల్లో ఏమైందో నెలనెలా చూసిన కన్ను ఒకటుందంటే అది జహీరాబాద్ ఆడకూతుళ్ల కన్నే.

వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది, కెమెరా ఎత్తు. పైనుంచి కిందికి చూసే షాట్‌ను వాళ్లు పటేల్ షాట్ అన్నారు, దొర జీతగాణ్ణి చూసే చూపు కాబట్టి. కిందనుంచి పైకి చూసేది జీతగాడు దొరను చూసే చూపు. కంటికి కన్ను సమంగా ఉండేది సంఘం షాట్. సంఘంలో అందరూ నేల మీద గుండ్రంగా కూర్చుంటారు కనుక. వాళ్ల చిత్రాలకు అదే తగిన చూపని తేల్చుకున్నారు. ఫిల్మ్ స్కూళ్లలో కోణాల గురించి ఎంతో పాఠం చెబుతారు. నాకు ఇంతకన్నా మంచి పాఠం దొరకలేదు. ఇప్పుడు పెళ్లిళ్ల ధర్మమా అని మండల కేంద్రాల్లో కూడా డ్రోన్ కిరాయికి దొరుకుతోంది. పిల్లలకు దాని మీద మహా మోజు. చేను మీద ఎగిరిన డ్రోన్‌కు పచ్చదనం కనిపిస్తుంది, వంగి మిరపకాయ ఏరుతున్న మనిషి చుక్కలా కనిపిస్తుంది. ఆ చుక్కకు వెన్నునొప్పి ఉంది. సాలులో ఆమె పక్కన కూర్చుని తీస్తేనే అది తెలుస్తుంది.

ఇక లెక్క. ఆర్థిక సమస్య మీద చిత్రం అంటే లెక్కను కంటికి కనపడేలా చేయడం. మాటలతో చెబితే ప్రేక్షకుడు మరిచిపోతాడు. మిర్చి పంటనే చూద్దాం. 2021–22లో మా ప్రాంతపు తోటల మీద తామర పురుగు కొత్త రకమొకటి పడింది. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఈ పురుగును మన దేశంలో 2015లో మొదట బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు. మిర్చి పూతలోకి చేరి రసం పీల్చి పూతంతా రాల్చేసింది. తోటలకు తోటలు దున్నేసుకున్నారు. ఆ పంట తక్కువైనందుకే 2022 మార్చిలో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో దేశీ రకం మిర్చి క్వింటాలు ధర 50 వేల రూపాయలు దాటింది. పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చింది. అది చదివిన పట్నం మనిషి రైతు పంట పండిందనుకున్నాడు. తోట దున్నేసినవాడి ఇంట్లో ఆ రోజు టీవీలో అదే ధర చూస్తూ కూర్చున్నారు. ఆ ఇంటి గోడ, ఆ టీవీ, దాని మీద పరుగెత్తే ధర, బయట దున్నిన చెలక. దీనికి వ్యాఖ్యానం కూడా అవసరం లేదు. ఆ ఏడు ఎవరైనా విద్యార్థి ఆ తోట దగ్గర నారు పోసిన నాటి నుంచి నిలబడి ఉంటే, మార్కెట్ ధర, రైతు రాబడి రెండూ వేర్వేరని ఇంతకన్నా స్పష్టంగా చూపించే చిత్రం వచ్చేది కాదు.

ధర వచ్చిన ఏడు కూడా అంతా రైతుకు అందదు. ఎనుమాముల మిర్చి యార్డులో పొద్దున జెండా పాట జరుగుతుంది. ఆ రోజు మేలైన సరుకుకు పలికిన పై ధర అది. మరునాడు పేపర్లో వచ్చేది, సెల్‌ఫోన్లలో తిరిగేది ఆ ధరే. జెండా కదిలిపోయాక ఖరీదుదారులు రాశుల మధ్య తిరుగుతూ కాయ విరిచి చూసి, తేమ ఉందనీ, రంగు తగ్గిందనీ, తాలు కలిసిందనీ చెప్పే ధరలు వేరు. టీవీ కెమెరాలు జెండా పాట దగ్గర ఉంటాయి. విద్యార్థి కెమెరా ఒక్క రైతు రాశి దగ్గర ఉండిపోవాలి. పొద్దున్నుంచి కాంటా అయ్యేదాకా, ఆ తర్వాత అడ్తి దుకాణంలో తక్‌పట్టీ చేతికొచ్చేదాకా. ఆ చిన్న కాగితం మీద సరుకు బరువు, ధర, దాని కింద కమీషన్, హమాలీ, దడువాయి, చాట కూలి, ఇంతకుముందు తీసుకున్న పైకం. అన్నీ పోను మిగిలింది అట్టడుగున రాసి ఉంటుంది. కెమెరాను ఆ కాగితం మీద పై గీత నుంచి కింది గీత దాకా నెమ్మదిగా దించితే చాలు. పత్తికి మద్దతు ధర ఉంది, 2025–26లో పొడవు పింజ రకానికి క్వింటాలుకు 8,110 రూపాయలు, అదీ తేమ 8 శాతం దాటకపోతే. మిర్చికి మద్దతు ధర అసలు లేనే లేదు. ఈ సంగతి తెలియని డిగ్రీ విద్యార్థులు మిర్చి పండించే ఇళ్లలోనే ఉన్నారు.

ఇళ్ల సంగతి వచ్చింది కనుక ఒకటి చెప్పాలి. మా విద్యార్థుల్లో ఒకమ్మాయి తండ్రి, ఉన్న కొద్ది భూమికి తోడు ఇంకొంత కౌలుకు చేసేవాడు. చిత్రం కోసం ఆ అమ్మాయి ఎవరినో రైతును వెతుకుతుంటే, మీ నాయననే అడుగమ్మా అన్నాను. ఇంట్లో డబ్బు మాట ఆడపిల్లలు ఎత్తకూడదన్న కట్టు ఒకటుంటుంది మా వైపు. ఫోను కిటికీలో ఆనించి పెట్టి, "నాయినా, పోయినేడు మనకేం మిగిలింది?" అని అడిగిందట. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత వంటింటి వైపు చూసి భార్యను పిలిచాడు. లెక్క ఆమెకు తెలుసు. పుస్తకం చూడలేదు, ఎవరినీ అడగలేదు. కౌలు ముందే కట్టడానికి కుదువపెట్టిన పుస్తెలతాడు దగ్గర మొదలుపెట్టి, విత్తనం, ట్రాక్టరు కిరాయి, ఎరువు, మందుకట్టలు, ఏరిన కూలీలకు ఇచ్చింది, బస్తాలు, ఆటో దాకా వరుసగా చెప్పుకుపోయింది. మరి మీ ఇద్దరి కూలి ఏదమ్మా అని కూతురు అడిగితే ఆమెకు ప్రశ్నే అర్థం కాలేదు. మనకు మనం కూలి కట్టుకుంటమా బిడ్డా అంది. ప్రభుత్వం మద్దతు ధర లెక్కగట్టేటప్పుడు ఇంటిమనుషుల కష్టానికి కూడా విలువ కడుతుంది, ఏ2+ఎఫ్ఎల్ అనే లెక్కలో. ఆ ఇంటి లెక్కలో మాత్రం వాళ్ల రెండు జతల చేతులూ లేవు. ఆ అమ్మాయి ఆ ప్రశ్న వేయకపోతే ఆ ఇంట్లో ఎప్పటికీ ఎవరూ వేసేవారు కారు. డాక్యుమెంటరీ వల్ల లోకం మారుతుందా అని అడుగుతారు కొందరు. నాకు అంత పెద్ద మాట తెలియదు. ఒక ఇంట్లో ఒక కూతురు తల్లి కష్టానికి కూలి ఏదని అడగడం మాత్రం నాకు తెలుసు.

కౌలు గురించి రెండు మాటలు. 2018లో రైతుబంధు వచ్చింది, సీజన్‌కు ఎకరాకు 4,000 రూపాయలతో మొదలై 5,000 అయింది, 2025 జనవరి నుంచి రైతు భరోసా పేరుతో 6,000 అయింది. ఆ డబ్బు పట్టా ఉన్నవారి ఖాతాలో పడుతూ వచ్చింది. 2018 ఆగస్టులో మొదలైన 5 లక్షల రైతుబీమా కూడా పాసుబుక్కు ఉన్నవాడికే. చేనులో చెమట కార్చే మనిషి పేరు కాగితంలో లేకపోతే ప్రభుత్వం దృష్టిలో అతను రైతు కాడు. చనిపోయినా కాడు. 2004లో వచ్చిన 421 నంబరు జీవో కింద ముగ్గురు అధికారుల కమిటీ వచ్చి, అది రైతు ఆత్మహత్యో కాదో కాగితాలు చూసి తేల్చే పద్ధతి పెట్టారు. నోటిమాట మీద తెచ్చిన అప్పులను రుజువు చేసే కాగితాలు మొగుడు పోయిన ఆడమనిషి దగ్గర ఎన్ని ఉంటాయి? ఇంత పెద్ద విషయం మీద మన విద్యార్థులు తీసిన చిత్రాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కాగితం దృశ్యం కాదని వాళ్లనుకుంటారు. నిజానికి ఈ సమస్యలో కాగితంకన్నా పెద్ద దృశ్యం లేదు.

మిరపకాయ ఏరే చేతులు కూడా ఇప్పుడు అన్నీ ఊరివి కావు. ఉమ్మడి వరంగల్ జిల్లాకు ఛత్తీస్‌గఢ్ నుంచి, మహారాష్ట్ర సరిహద్దుల నుంచి గుంపులు గుంపులుగా వచ్చి చేలల్లోనే గుడిసెలు వేసుకుని ఏరి పోతారు. 2020 ఏప్రిల్ లాక్‌డౌన్‌లో ములుగు జిల్లా మిర్చి చేల నుంచి బీజాపూర్ జిల్లాలోని సొంతూరికి అడవి దారిన నడిచిపోతూ 12 ఏళ్ల ఆదివాసీ పిల్ల దారిలోనే ప్రాణం విడిచింది. మన ఇంటి తొక్కులో, మన పండుగ పప్పులో ఉన్న ఎరుపు ఎవరి చేతుల మీదుగా వచ్చిందో మనం అడగం. నెక్కొండలో చదువుకునే పిల్లలకు గోండి రాదు, హిందీ అంతంత మాత్రం. అయినా ఆ గుడిసెల దగ్గరికి పోయి కూర్చోవాలి. భాష తెలిసినవాణ్ణి ఒకణ్ణి వెంటబెట్టుకోవాలి. వాళ్ల కూలి పొద్దు పాడుచేస్తే ఆ కూలి కట్టివ్వాలి. ఏరుడు కిలోల లెక్కన సాగుతుంది, మనతో మాట్లాడిన గంట ఏరే మనిషికి తగ్గిన కిలోలు.

చావు జరిగిన ఇంటికి కెమెరాతో పోవద్దని నేను ఖండితంగా చెబుతాను. కనీసం మొదటిసారి కెమెరాతో వద్దు. ఆ ఇళ్లకు అధికారులు వచ్చారు, నాయకులు వచ్చారు, విలేఖరులు వచ్చారు, పరిశోధకులు వచ్చారు. ప్రతివాళ్లకూ ఆ ఇంటి ఆడమనిషి మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది, ప్రతిసారీ ఏడవాల్సి వచ్చింది. ఆ కన్నీరు మన చిత్రానికి అవసరమా అని ముందు మనల్ని మనం అడగాలి. ఎక్కువసార్లు అవసరం లేదు.

ఇంకో ప్రమాదం ఉంది, దాని గురించి ఎవరూ పాఠం చెప్పరు. చిత్రంలో రైతు ఒక వ్యాపారి మీద నిజమే మాట్లాడాడనుకోండి. చిత్రం తీసినవాడు డిగ్రీ అయిపోయి హైదరాబాద్ పోతాడు. రైతు ఊళ్లోనే ఉంటాడు. వచ్చే మిరుగం నాటికి విత్తనం కోసం మళ్లీ ఆ దుకాణం మెట్లే ఎక్కాలి. బ్యాంకు ఇవ్వని అప్పు ఇచ్చేది ఆ మనిషే. ముఖం కనపడకుండా, గొంతు గుర్తుపట్టకుండా తీయడం తప్పు కాదు, పిరికితనమూ కాదు. ముఖం చూపించాలా వద్దా అన్నది చిత్రం తీసేవాడు నిర్ణయించే విషయం కాదు. రైతు ఒకరోజు సరేనని మరునాడు వద్దంటే, వద్దన్న మాటే చెల్లాలి. అలాగే వ్యాపారి వైపు మాటా వినాలి. అతను కూడా పైనున్న కంపెనీకి బాకీ పడి ఉండొచ్చు. అది కూడా లెక్కలో భాగమే.

ఈ పని మనతో మొదలైందేమీ కాదు. సామాన్యులు తమ ఇరుకిళ్ల గురించి కెమెరా వైపు తిరిగి తామే మాట్లాడిన తొలి చిత్రాల్లో ఒకటి 1935లో లండన్ స్టెప్నీ మురికివాడల్లో తీశారు. దానికి డబ్బు పెట్టింది గ్యాస్ కంపెనీల సంఘం. డబ్బు ఎవరిదన్న ప్రశ్న అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. మన దగ్గర బి. నర్సింగరావు 'మా ఊరు' తీసి తెలంగాణ పల్లె తనంత తానే ఒక చిత్రానికి చాలినంత విషయమని చూపించారు. నాకు వీటన్నిటికన్నా దగ్గరగా తోచేది కెనడాలో ఫోగో అనే దీవిలో 1967లో జరిగిన పని. అక్కడి చేపలు పట్టేవాళ్లను దీవి ఖాళీ చేయించి వేరేచోటికి తరలించాలని ప్రభుత్వం ఆలోచిస్తోంది. కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డు దర్శకుడు కోలిన్ లో అక్కడికి పోయి ఇరవైకి పైగా చిన్న చిన్న చిత్రాలు తీశాడు. తీసినవి ముందు ఆ దీవి జనానికే చూపించాడు. వేర్వేరు ఊళ్ల వాళ్లు ఒకరి గోడు ఒకరు తెర మీద విన్నారు, తమ అందరి బాధా ఒకటేనని తెలుసుకున్నారు. తర్వాతే ఆ చిత్రాలు అధికారుల దాకా పోయాయి. వాళ్ల జవాబు కూడా చిత్రించి తెచ్చి మళ్లీ దీవిలో చూపించారు. దీవి ఖాళీ కాలేదు. మత్స్యకారులు సహకార సంఘం పెట్టుకుని అక్కడే నిలిచారు.

నెక్కొండ చుట్టుపక్కల తీసిన చిత్రాన్ని మొదట చూడాల్సింది నెక్కొండ చుట్టుపక్కల వాళ్లే అని నేను పట్టుబట్టేది అందుకే. వరంగల్‌లో న్యాయనిర్ణేతలు తర్వాత చూస్తారు. బడి గోడకు తెల్లబట్ట కట్టి, రాత్రి అన్నాలు తిన్నాక, తండాలో ఒకరోజు, ఊళ్లో ఒకరోజు వేయాలి. అందులో ఉన్న మనుషులు చూసి, ఇది నేనన్లేదు, ఇది తప్పు, ఈ మాట తీసేయండి అంటే తీసేయాలి. అలా చూపించిన చోట జనం చిత్రం గురించి మాట్లాడరు, తమ లెక్కల గురించి మాట్లాడుకుంటారు. నీకు కమీషన్ ఎంత కోసిండు, నాకింత కోసిండు అని పక్కపక్క వాళ్లు పోల్చుకుంటారు. ఒకే రోజు, ఒకే యార్డులో, ఇద్దరికి రెండు రేట్లు పడ్డాయని తెలిసినప్పుడు ఆ గుంపులో పుట్టే ప్రశ్న ఏ పోటీ బహుమతికన్నా నాకు విలువైనది.

కళాశాలల ప్రిన్సిపాళ్లకు, విభాగాధిపతులకు నా మనవి. జర్నలిజం, అర్థశాస్త్రం, వ్యవసాయం, ఏ కోర్సైనా సరే, నలుగురు పిల్లల జట్టుకు ఒక్క పంటను అప్పగించండి. జూన్‌లో పంపండి, ఏప్రిల్ చివర అడగండి. నెలకు రెండు రోజులు హాజరు మినహాయించండి, రైలు, బస్సు ఖర్చులివ్వండి. తీసిన ప్రతి చిత్రం ఒక ప్రతి ఆ ఊరి పంచాయతీలో, ఇంకొకటి మండల గ్రంథాలయంలో ఉంచండి. పదేళ్లు ఇలా చేస్తే ఒక మండలం పదేళ్ల ఖర్చూ రాబడీ, చెప్పిన మనుషుల గొంతుతో సహా మన దగ్గర ఉంటాయి. ఏ ప్రభుత్వ దస్త్రంలోనూ అది లేదు. పిల్లలకు నా మాట ఇంకా చిన్నది. మిర్చి నారు ఆషాఢ శ్రావణాల్లో పోస్తారు. ఈసారి ఆ మడి దగ్గరే మొదటి షాట్ తీయండి, తక్‌పట్టీ మీద చివరి గీత పడేదాకా కెమెరా కట్టేయకండి.